క్రీము కింద పేరు

"కేకు మీద రాసింది మీ నాన్నా, నువ్వా?"

డిటెక్టివ్ దేవకుమారి అడిగిన మొదటి ప్రశ్న అది. తెనాలిలోని ఆ బేకరీ షట్టరు సగం దించి ఉంది. కౌంటరు వెనక నిలబడ్డ తబస్సుమ్ తల్లి వైపు చూసింది. తల్లి సుల్తాన్ బీ కళ్ళు రాత్రంతా ఏడ్చి వాచిపోయి ఉన్నాయి.

"దాచకే. అన్నీ చెప్పు. అందుకేగా ఆవిణ్ణి పిలిచింది" అంది సుల్తాన్ బీ.

"నేనే రాశాను మేడమ్. కేకు చేసి, క్రీము పూసి, పూలు పెట్టేది నాన్న. పేర్లు రాసే పని మాత్రం నాది. మూడేళ్ళ నుంచీ అంతే."

"ఆ మాట పోలీసులకి చెప్పావా?"

"చెప్పబోయాను. నాన్న చెప్పనివ్వలేదు. నేను నోరు తెరిచేలోపే, 'నేనే రాశాను సార్, ఇంట్లో ఆడపిల్లకి ఏం సంబంధం' అనేశాడు. జీపెక్కించి తీసుకెళ్ళిపోయారు."

జరిగింది ఇదీ. ముందురోజు ఆదివారం. బాపట్లలో రామకృష్ణ అనే ఆయన కూతురు హాసినికి తొమ్మిదో పుట్టినరోజు. కేకు తెనాలి నుంచి, అబ్దుల్ షుకూర్ బేకరీ నుంచి వెళ్ళింది. సాయంత్రం బంధువులందరి ముందూ డబ్బా మూత తీస్తే, కేకు మీద 'హ్యాపీ బర్త్‌డే హాసిని' లేదు. దాని బదులు, 'హాసినీ, ఇదే నీ ఆఖరి పుట్టినరోజు' అని ఎర్రటి అక్షరాలు ఉన్నాయి. చదవడం వచ్చిన పిల్ల. చదువుకుని, నాన్న చొక్కా పట్టుకుని వదల్లేదు.

బేకరీ ఉన్న గది రామకృష్ణదే. ఖాళీ చెయ్యమని ఆయనా, చెయ్యనని షుకూరూ నెల కిందట ఇదే కౌంటరు దగ్గర గట్టిగా అరుచుకున్నారు. వీధిలో సగం మంది విన్నారు. పోలీసులకి అంతకంటే ఏం కావాలి?

"అంత గొడవయ్యాక కూడా మీ దగ్గరే ఎందుకు కొన్నారు?" అడిగింది దేవకుమారి.

"ఆ పాప మా కేకు తప్ప వేరేది ముట్టదండి" అంది సుల్తాన్ బీ. "ఏటా ఇక్కణ్ణించే. ఏటా అదే మోడల్. ఆయన మా మీద కోపం మా మీదే ఉంచుకుని, పిల్ల ముచ్చట పిల్లకి తీర్చేవాడు. మా ఆయన కూడా అంతే. నిన్న పొద్దున ఆ కేకుకి ఇంకో రెండు పూలు ఎక్కువే పెట్టాడు."

దేవకుమారి ఎనిమిదేళ్ళు పోలీసు శాఖలో వేలిముద్రల విభాగంలో పనిచేసి మానేసిన మనిషి. ఇప్పుడు తెనాలిలో ఆమె ఆఫీసుకి వచ్చేవి ఎక్కువగా పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు. కుర్రాడికి తాగుడు ఉందా, ఉద్యోగం నిజమేనా, అంతే. ఇలాంటి కేసు వచ్చి చాలా కాలమైంది. అయినా పాత అలవాటు పోలేదు. చెప్పింది వినడం కంటే చేసి చూపించమనడం ఆమెకి ఇష్టం.

"నాకు రాసి చూపించు తబస్సుమ్."

తబస్సుమ్ ఒక అట్ట మీద తెల్ల క్రీము పూసింది. బటర్ పేపరుని కోనులా చుట్టి, ఎర్ర క్రీము నింపి, మొన కొంచెం కత్తిరించింది. ముందు టూత్‌పిక్‌తో క్రీము మీద సన్నటి గుర్తులు పెట్టుకుంది.

"మొదటి అక్షరం నుంచి మొదలెడితే చివర చోటు చాలదు మేడమ్. మధ్యది ఎక్కడ వస్తుందో ముందు చూసుకోవాలి. ఇక కోను మొన కేకుకి తగలకూడదు. కాస్త పైన పట్టుకుని నొక్కితే క్రీము దారంలా దిగుతుంది. ఆ దారాన్ని పడుకోబెట్టడమే మన పని. అక్షరం అయ్యాక నొక్కడం ఆపి, అప్పుడు కోను ఎత్తాలి. ఆపకుండా లాగితే తోక వస్తుంది."

ఆమె చేతి కింద 'హాసిని' అని నాలుగు క్షణాల్లో వచ్చేసింది. అక్షరాలు గుండ్రంగా, క్రీము మీద తేలుతున్నట్టుగా ఉన్నాయి.

"ఇటివ్వు" అని దేవకుమారి కోను తీసుకుంది. తన పేరు రాయబోయింది. 'దే' దగ్గరే మొన క్రీములో దిగబడి, నాగలి పోయినట్టు చాలు పడింది. 'వ' చివర పొడుగ్గా తోక లేచింది. తబస్సుమ్‌కి ఆ బాధలోనూ నవ్వొచ్చింది.

"పెన్నుతో రాసినట్టు రాస్తున్నారు మేడమ్. కొత్తవాళ్ళందరూ అలాగే రాస్తారు."

"తప్పు రాస్తే ఏం చేస్తావు?"

"వెంటనే అయితే కత్తి వేడినీళ్ళలో ముంచి తుడిచి, పైపైన గీకేస్తాను. పూట గడిస్తే మాత్రం కష్టం. ఎరుపు రంగు కింద క్రీములోకి దిగిపోతుంది. గీకినా మరక ఉంటుంది. దాని మీద మళ్ళీ తెల్ల క్రీము పూయాల్సిందే."

"నిన్నటి కేకు మీద గులాబీలు ఎన్ని?"

"మామూలుగా ఐదు. నిన్న నాన్న ఏడు పెట్టాడు. చుట్టూ గవ్వల్లాంటి అంచు."

దేవకుమారి చేతికంటిన క్రీము తుడుచుకుని బయల్దేరింది.

* * *

బాపట్లలో రామకృష్ణ ఇంటి వరండాలో ఎస్సై ఏసుబాబు కాఫీ తాగుతూ కనిపించాడు. ఆమెను చూడగానే గ్లాసు పక్కన పెట్టాడు.

"ఏంటండీ దేవకుమారి గారూ, ఈసారి పెళ్ళికొడుకు ఎవరు?"

"పెళ్ళికొడుకు లేడండి. కేకు చూసి పోదామని వచ్చాను."

చెరుకుపల్లి గొలుసు దొంగతనం కేసులో ఏసుబాబు ఒకణ్ణి పట్టుకుంటే, అసలు దొంగని దేవకుమారి పట్టిచ్చింది. పేపర్లో ఆమె పేరు వేశారు. అప్పట్నుంచీ ఆయనకి ఆమె పొడ గిట్టదు.

"కేసయిపోయిందండి. రాసినవాడు స్టేషన్లో కూర్చుని ఉన్నాడు. రాశానని వాడే ఒప్పుకున్నాడు."

"ఏం రాశానని ఒప్పుకున్నాడు? హ్యాపీ బర్త్‌డే రాశానన్నాడా, ఆఖరి పుట్టినరోజు రాశానన్నాడా?"

ఏసుబాబు సమాధానం చెప్పేలోపు గుమ్మంలోంచి రామకృష్ణ బయటికొచ్చాడు. గడ్డం పెరిగి, నిద్రలేని ముఖంతో ఉన్నాడు. "చూడనివ్వండి ఎస్సై గారూ. ఎవరు చేశారో నాకు తెలిస్తే చాలు. ఆవిడ చెప్పినా మీరు చెప్పినా ఒకటే నాకు" అన్నాడు.

కేకు ఫ్రిజ్‌లోనే ఉంది. స్టేషన్లో ఫ్రిజ్ లేదు కాబట్టి అక్కడే ఉంచి, ఎవరూ ముట్టుకోకుండా ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టారు. విషం ఉందేమోనని ఒక మూల చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు. మిగతాదంతా నిన్న మూత తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

దేవకుమారి దాన్ని భోజనాల బల్ల మీద పెట్టించి, టార్చి వేసి, మొహం దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. రెండు వరసల్లో ఎర్రటి అక్షరాలు. ప్రతి అక్షరం క్రీములోకి దిగబడి చాలు పడింది. చివర తోకలు లేచాయి. ఇందాక తను రాసిన 'దేవ'కి ఇవి అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి.

"ఇది రోజూ కేకుల మీద రాసే చెయ్యి కాదండి" అంది.

"చేతిరాత పోల్చుకుంటారని కావాలని చెడగొట్టి ఉంటాడు" అన్నాడు ఏసుబాబు వెంటనే.

"కావచ్చు" అని ఒప్పుకుంది ఆమె. "మరి గులాబీలు నాలుగే ఎందుకున్నాయి? షుకూర్ ఏడు పెట్టాడట."

"ఇంటినిండా పిల్లలున్నారు. పీక్కుని తిని ఉంటారు."

"లేదండి" అన్నాడు రామకృష్ణ. "డబ్బా నేనే తెరిచాను. చదవగానే మూసేశాను. ఎవరి చెయ్యీ పడలేదు."

దేవకుమారి కేకుని నెమ్మదిగా తిప్పింది. వెనకవైపు గవ్వల అంచులో బెత్తెడు మేర క్రీము లేదు. ఎవరో చెంచాతో తీసినట్టుంది. కేకు మధ్యలో, అక్షరాల చుట్టూ, మిగతా చోటంతా కాస్త గరుకుగా ఉంటే ఆ కొంచెం మేర మాత్రం అద్దంలా నున్నగా ఉంది.

"గులాబీలు చిదిపి ఎర్ర క్రీము చేసుకున్నారు. వెనక అంచు తీసి తెల్ల క్రీము చేసుకున్నారు. ఆ తెల్లది ఇక్కడ మధ్యలో పూశారు. బేకరీలో డబ్బాల నిండా క్రీము పెట్టుకున్నవాడికి ఈ తిప్పలు ఎందుకు? ఈ పని బేకరీ బయట జరిగింది. వేడినీళ్ళూ, ఒక కత్తీ తెప్పించండి రామకృష్ణ గారూ."

"ఆగండాగండి. ఎవిడెన్సు పాడు చేస్తే ఊరుకోను" అని ఏసుబాబు అడ్డం వచ్చాడు.

"ఫోటోలు తీయించారుగా?"

"తీయించాం."

"రాసిన అక్షరం ఒక్కటి కూడా ముట్టుకోను. రెండు వరసల మధ్య ఖాళీలోనే గీకుతాను. ఏమీ లేకపోతే మీరు చెప్పిన చోట సంతకం పెట్టి వెళ్ళిపోతాను."

"తేడా వస్తే కేసు మీ మీద పెడతాను" అన్నాడు ఏసుబాబు. కానీ పక్కకి జరిగాడు.

ఆమె కత్తిని వేడినీళ్ళలో ముంచి, గుడ్డతో తుడిచి, పై పొరని కాగితం మందాన ఎత్తింది. మళ్ళీ ముంచి, మళ్ళీ తుడిచి, ఇంకో పొర. తెలుపు కింద గులాబీ రంగు మరక కనిపించింది. ఏసుబాబు తనకి తెలియకుండానే ముందుకి వంగాడు.

"హ్యాపీ బర్త్‌డే హాసిని అనే ఉంటుంది. ఇందులో వింతేముంది?"

"హాసిని అయితే మొదట 'హా' రావాలి కదండీ."

మొదట వచ్చింది 'అ'. దాని పక్కన సున్నా. తర్వాత 'క'. చివర కింద ఒత్తుతో 'మ్మ'. మరక పలచగా ఉన్నా, తబస్సుమ్ చేతి గుండ్రదనం దాన్లో స్పష్టంగా తెలుస్తోంది.

"అంకమ్మ" అని చదివాడు రామకృష్ణ.

వంటింటి గుమ్మం దగ్గర స్టీలు పళ్ళెం కిందపడింది. అక్కడ నిలబడ్డ వంటమనిషి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె పేరే అంకమ్మ.

ఏసుబాబు రెండంగల్లో ఆమెను చేరాడు. "నువ్వా? ఎవరిచ్చారే నీకీ కేకు?"

"నాకేం తెలీదయ్యా! నాకు కేకెవరిస్తారు? నా పుట్టినరోజెప్పుడో మా అమ్మకే తెలీదు!"

"ఆవిణ్ణి వదిలెయ్యండి" అంది దేవకుమారి. "తన పేరు తనే రాయించుకుని, దాని మీదే బెదిరింపు ఎవరూ రాయరు. ఇక్కడ తేలింది ఒకటే. ఇది హాసిని కేకు కాదు. అలాంటిదే ఇంకోటి. ముందుగానే కొని, తీరిగ్గా పేరు చెరిపి, ఇది రాసి, తెచ్చి మార్చేశారు."

ఏసుబాబు అంకమ్మ చెయ్యి వదిలాడు. ఆ ఇంటి ఫోన్ నుంచే దేవకుమారి బేకరీకి చేసింది. తబస్సుమ్ ఎత్తింది.

"ఈ మధ్య అంకమ్మ అనే పేరు రాశావా?"

"రాశాను మేడమ్! శనివారం పట్టుకెళ్ళారు. ఆ పేరు ఎవరైనా మర్చిపోతారా? కేకుల మీద ఎప్పుడూ స్వీటీలూ, చిన్నీలేగా. ఏ పేరు రాయమంటారని అడిగితే ఆయన కాసేపు తడుముకుని, అంకమ్మ అన్నాడు. బామ్మగారాండీ అంటే నవ్వాడు."

"ఏ మోడల్?"

"ఐదు గులాబీలది. ఆల్బంలో ఆయనే చూపించాడు. నేను రాస్తుంటే పక్కనే నిలబడి చూశాడు. కోను ఎలా పట్టుకోవాలి, మొన ఎంత కత్తిరించాలి అని అడిగాడు. మా పిన్నికూతురికి నేర్పుతా అన్నాడు. రేపల్లె దాకా వ్యానులో నలక్కుండా వెళ్తుందా అని కూడా అడిగాడు మేడమ్."

దేవకుమారి ఫోన్ పెట్టేసింది.

"ఐదు గులాబీల కేకు. ఒకటి చిదిపేశారు, నాలుగు మిగిలాయి. లెక్క సరిపోయింది. నిన్న ఫంక్షన్‌కి రేపల్లె నుంచి ఎవరొచ్చారు?"

హాల్లో సోఫాలో కూర్చున్న రామకృష్ణ తల్లి రాఘవమ్మ చెప్పింది.

"రేపల్లె నుంచి వచ్చింది గిరీష్ ఒక్కడే అమ్మాయ్. పాప మేనమామ. మా పోయిన కోడలి తమ్ముడు."

"చేతిలో ఏమన్నా తెచ్చాడా?"

"పాపకి బొమ్మని చెప్పి ఇంత పెద్ద డబ్బా తెచ్చాడు. నేరుగా వెనక గదిలోకి పట్టుకెళ్ళాడు. కేకు కూడా అక్కడే పెట్టాం. కాసేపటికి బొమ్మ చెయ్యి విరిగింది పెద్దమ్మా, మార్చి తెస్తానంటూ మళ్ళీ ఆ డబ్బా వ్యానులో పెట్టేశాడు. పాపం, ముచ్చటపడి తెచ్చాడే అనుకున్నా."

"ఈ ఇంట్లో అంకమ్మ వంట అతను ఎన్నాళ్ళ నుంచి తింటున్నాడు?"

"మా కోడలు కాపురానికి వచ్చినప్పట్నుంచీ. అక్క కోసం వారానికోసారి వచ్చేవాడు" అంటూనే రాఘవమ్మ వంటింటి గుమ్మంలోని అంకమ్మ వైపు చూసింది. తను ఏం చెబుతోందో ఆమెకి అప్పుడే అర్థమైనట్టుంది.

"గిరీష్ ఎందుకు చేస్తాడండీ?" అన్నాడు రామకృష్ణ. "పాపంటే ప్రాణం వాడికి."

"మీకూ అతనికీ ఏమైనా గొడవలున్నాయా?"

దానికీ రాఘవమ్మే సమాధానం చెప్పింది. "కోడలు పోయి రెండేళ్ళయింది. పోయిన నెల వీడికి మళ్ళీ సంబంధం కుదిర్చాను. ఆ కబురు విన్నరోజే గిరీష్ వచ్చి, మా అక్క బిడ్డ సవతి తల్లి చేతి కింద పెరగడానికి వీల్లేదు, నాకిచ్చెయ్యండి అని కూర్చున్నాడు. ఇవ్వం అన్నాం. ఏడ్చాడు. పెళ్ళాం పిల్లలు లేనివాడు. ఒక్క పూటకైనా పంపండి పెద్దమ్మా అన్నాడు. పంపలేదు."

దేవకుమారి చేతిలోని కత్తి బల్ల మీద పెట్టేసింది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నుంచీ ఏదో వెలితిగా అనిపించడానికి కారణం ఆమెకి అప్పుడు తట్టింది. నిన్న అంత భయపడిన పిల్ల ఈ ఇంట్లో ఎక్కడా కనిపించలేదు. గొంతు కూడా వినిపించలేదు.

"పాప ఎక్కడుందండీ?"

రామకృష్ణ ఆమెను చూడలేదు. ఎస్సైని చూశాడు.

"మీరే కదండీ చెప్పారు... కొన్నాళ్ళు ఈ ఊళ్ళో ఉంచొద్దని. పొద్దున్నే గిరీష్ వచ్చి, మా ఇంట్లో దాస్తాను బావా, రేపల్లెలో ఎవరికీ తెలీదు అన్నాడు. నేనే బట్టలు సర్ది పంపించాను."

"నిన్నటిదాకా ఒక్క పూటకి కూడా పంపని పిల్లని మీ చేత్తో మీరే వ్యానెక్కించారు" అంది దేవకుమారి. ఆమె ఎవర్నీ తప్పు పట్టడానికి అనలేదు. కానీ ఆ మాటకి రామకృష్ణ కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. "అతనికి కేకుతో ఎవర్నీ చంపే పని లేదు. మీరు భయపడితే చాలు."

ఏసుబాబు అప్పటికే సెల్ తీసి గిరీష్ నంబరుకి చేస్తున్నాడు. స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ఇంకోసారి చేశాడు. అదే మాట. రామకృష్ణ డైరీలు తిరగేసి, గిరీష్ అద్దెకుండే ఇంటి ఓనరు నంబరు ఇచ్చాడు. ఈసారి దేవకుమారి మాట్లాడింది.

"గిరీష్ గారాండీ?" అంది అవతల ఒకావిడ. "ఆయన శనివారం రాత్రే ఇల్లు ఖాళీ చేసేశారుగా."

"ఎక్కడికెళ్తున్నానని చెప్పాడండీ?"

"చెప్పలేదమ్మా. మంచం, బీరువా, గిన్నెలు అన్నీ మాకే వదిలేశాడు. ఇవన్నీ ఎందుకయ్యా అంటే, మాకిక ఏమీ అక్కర్లేదు పిన్నీ, నేనూ మా అక్క కూతురూ మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాం అన్నాడు. అక్క ఏ ఊళ్ళో ఉంటుందో ఏమో మరి."

దేవకుమారి ఆ మాటని రామకృష్ణకి చెప్పలేదు. ఫోన్ పెట్టేసి, ఏసుబాబుని వరండాలోకి పిలిచి, ఆయన ఒక్కడికే చెప్పింది.

"నేనే పంపమన్నాను" అన్నాడు ఏసుబాబు మెల్లగా.

"అది తర్వాత చూసుకోవచ్చు. ముందు వ్యాను సంగతి చూడండి."

ఏసుబాబు జీపులోని వైర్‌లెస్ సెట్ అందుకున్నాడు. తెల్ల మారుతీ వ్యాను, మగమనిషి ఒకడు, తొమ్మిదేళ్ళ పాప. రేపల్లె, చీరాల, పొన్నూరు, అన్ని వైపులా ఆపమన్నాడు. రెండు స్టేషన్ల నుంచి 'అలాంటి వ్యాను రాలేదు సార్' అని జవాబు వచ్చింది. మూడోది సూర్యలంక బీచ్ నుంచి, అక్కడ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ గొంతు.

"వ్యాను ఇక్కడే ఉంది సార్, ఇసకలో. పొద్దుట్నుంచీ ఉందంట. తలుపులు తాళం కూడా వెయ్యలేదు. లోపల ఎవరూ లేరు."

"చుట్టుపక్కల అడిగావా?"

"అడిగాను సార్. చేపల వాళ్ళలో యలమంద అనే ఆయన చెప్పాడు. పాపని ఒడ్డునే కాసేపు తిప్పుతానని తెడ్డు పడవ అడిగి తీసుకున్నాడంట. మేం కూడా వస్తామంటే వద్దన్నాడంట. ఇద్దరే ఎక్కారు. ఒడ్డునే అన్నవాడు నేరుగా లోపలికెళ్ళిపోయాడు సార్. ఇప్పుడు కంటికి ఆనడం లేదు. గాలి కూడా లేచింది."

రామకృష్ణ ఎప్పుడొచ్చాడో, ఇద్దరి వెనకే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"గిరీష్‌కి ఈత రాదండి" అన్నాడు.